ఎనభై ఎనిమిది దగ్గర

గడ్డకట్టిన సరస్సు మీద పందెం.
పదిన్నరైనా ఇంకా సరిగ్గా తెల్లారలేదు.
మైనస్ ఇరవై నాలుగు.
మాటలు నోట్లోంచి పొగై బయటపడి
ఎవరికీ చేరకుండానే రాలిపోతున్నాయి.

చల్లదనమే బలం అనుకున్నాను నేను.
అందుకే పెద్ద రేడియేటర్ పెట్టాను,
థర్మోస్టాట్ పీకి చెత్తలో పారేశాను,
నీళ్లకి తలుపెందుకు, పారనీ అని.
పాత వోల్వోకి టర్బో తగిలించి
మూడు చలికాలాల జీతం దాని పొట్టలో పోశాను.

రెండు చుట్లు.
ముల్లు యాభై రెండు దగ్గర మొండికేసి కూర్చుంది.
నూనె ముదురు పాకంలా
కదల్లేక కదులుతోంది.
వేడికి ఉబ్బి నిండాల్సిన పిస్టన్లు
అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముళ్లలా వదులుగా
గోడలకి కొట్టుకుంటున్నాయి, టక టక టక.
ఇంజన్ ఇంకా నిద్ర లేవలేదనుకుని
కంప్యూటర్ పెట్రోల్ పోస్తూనే ఉంది,
ఆకలి లేని బిడ్డకి ముద్దలు కుక్కినట్టు.
ప్లగ్గు విప్పితే వేలికి కాటుక.

మేనత్త ఔలిక్కి వచ్చింది.
నలభై ఏళ్లు మంచు తోసే బళ్లు బాగుచేసిన చేతులు.
ప్లగ్గు వాసన చూసింది. నన్ను చూసింది.
"గాలి చల్లగా ఉండాలిరా ఇల్కా,
ఇనుము కాదు."
పొద్దుటినుంచి ఆవిడ నోరు విప్పడం అదే.

జేబులోంచి తీసింది కొత్త థర్మోస్టాట్.
ఒంటి వేడికి ఇంకా గోరువెచ్చగా ఉంది.
ఇత్తడి గుళిక, లోపల చిటికెడు మైనం,
ఎనభై ఎనిమిది దగ్గర కరిగి తలుపు తీస్తుంది.
అంతకుముందు ఎంత బతిమాలినా తీయదు.
నాలుగు వందల గుర్రాలకి
శనగగింజంత మైనం కాపలా!

తర్వాత కాఫీ పొట్లాల అట్టపెట్టె చింపి
రేడియేటర్‌కి సగందాకా అడ్డం కట్టింది.
పక్కనున్న ఇంటర్‌కూలర్‌ని మాత్రం
వేలితో కూడా ముట్టుకోలేదు.

అరవై.
డెబ్భై మూడు.
వంపులో చక్రాలు జారి గుండె జారి
మళ్లీ చూసేసరికి ఎనభై ఎనిమిది, నిలకడగా.
టకటక ఎప్పుడాగిందో తెలీదు.
అడిగీ అడక్కముందే కారు ఉరికింది,
వెనక మంచు తెల్లటి తోకలా లేచింది.

గెలవలేదు. ఏడోవాణ్ణి.
కానీ చుట్టుకి నాలుగు సెకన్లు తగ్గింది.

ఒడ్డున అత్త
చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉంది.
ఈమెలో వెచ్చదనం లేదని
మా ఇంట్లో అందరూ అనేవారు, నేనూ అన్నాను.
దగ్గరికెళ్లి ఏదో చెప్పబోయాను.

"మంచు కరిగాక ఆ అట్ట పీకెయ్,
మర్చిపోతే ఉడికి చస్తుంది," అని
ఫ్లాస్కు మూత నా చేతిలో పెట్టింది.