కొట్టివేతలు లేవు

ఉదయగిరి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా
రేకుల పంచలో నా బల్ల.
ముప్పై నాలుగేళ్లుగా ఇతరుల పొలాలు రాస్తున్నాను.
ప్రతి దస్తావేజు చివరా ఒకే మాట:
కొట్టివేతలు లేవు, దిద్దుబాట్లు లేవు.

స్టాంపు కాగితం మీద చెయ్యి జారితే
ఆ డబ్బు నా జేబులోంచే.
అందుకే ముందు చిత్తు రాస్తాను,
ఆ చిత్తుకి ఇంకో చిత్తు.
కూరగాయల చీటీ కూడా
రెండోసారి శుభ్రంగా ఎత్తి రాసి
సంచిలో వేసుకునే మనిషిని.

నా సొరుగులో నర్ది చెక్క ముక్క ఒకటి
మూడేళ్లుగా పడుంది.
గరిటె చేద్దామని కొన్నాను.
పెన్సిలుతో గీశాను, చెరిపాను,
గీశాను.
కాడ ఎంత సన్నం, గుంట ఎంత లోతు,
కొసన నెమలి మెడా, చేప తోకా?
చెరిపి చెరిపి చెక్క నున్నబడింది గాని
ఉలి మాత్రం తగల్లేదు.

అడిగినవాళ్లకి చెప్పేవాణ్ణి:
వానలు పోనీ, చెక్క ఆరనీ.
మెట్ట తాలూకా మాది, వానలెక్కడివి?
ఆ సంగతి నాకూ తెలుసు,
విన్నవాళ్లకీ తెలుసు.

పోయిన మాఘంలో
హక్కు విడుదల పత్రం రాయించుకోను జిలానీబీ వచ్చింది.
దుర్గం కింద వీధిలో
ఇంటిల్లిపాదీ చెంచాలు చెక్కుతారు వాళ్లు.
వేలిముద్ర సిరా తుడుచుకోవడానికి గుడ్డ ఇద్దామని
సొరుగు లాగాను.
ఆమె కళ్లు గుడ్డ మీద పడలేదు.

"ఏంది లేఖరి గారూ, ఇదీ దస్తావేజేనా?"
"కాదు, చెడిపోద్దేమోనని..."
తిప్పి చూసింది. వాసన చూసింది.
కొలిమికాడ పదును పెట్టించుకుని వస్తున్న బాడిస
సంచిలోంచి తీసింది.
ఒక్క దెబ్బ,
నా మూడేళ్ల నెమలి మెడ మీద అడ్డంగా.
"ఇప్పుడు చెడిపోయింది గదా,
ఇంకేంది భయం?
రేపు పొద్దున ఇంటికి రాండి."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
కోపం.
దాని అడుగున ఇంకేదో,
పన్ను పీకించుకున్నాక
నాలుక మాటిమాటికీ పోయి తడిమే
ఖాళీ లాంటిది.

మొదటి గరిటెకి గుంటలో చిల్లి పడింది.
రెండోదాని కాడ విరిగింది.
మూడోది ఇంటికి పట్టుకుపోతే
"చెవిలో గుబిలి తీసుకునేదా, ఇంత పెద్దదా?" అంది మా ఆవిడ.
జిలానీబీ మనవడు, ఏడేళ్లవాడు,
నా చేతిలోంచి ఉలి లాక్కుని
ఎట్టా పట్టుకోవాలో ఒకసారి చూపించి
గోళీలాటకి పోయాడు.

నేను పాడు చేసినవన్నీ పొయ్యిలోకి తోసి
ఆమె టీ కాచింది.
"మీ గరిటెలు బాగా మండుతుండాయి, పొగే లేదు."
ఆపైన ఉలి నూరుకుంటూ,
నాకు కాదన్నట్టు అంది:
"నలభై ఏళ్ల బట్టీ
పొద్దున్నే మొదటిది నేనూ పొయ్యికే చేస్తా.
చెయ్యి నిద్ర లేవద్దా?"

నవ్వొచ్చింది.
యాభై ఎనిమిదేళ్లకి,
చెడగొట్టిన వస్తువు మండుతుంటే
దాని ముందు కూర్చుని వేడిగా ఏదో తాగడం
అదే మొదలు.

ఆఫీసు పనిలో చిత్తు మానలేదు.
ఒకరి భూమి నా తప్పుకి చోటు కాదు.
సాయంత్రాలు మాత్రం
చొక్కా నిండా చెక్కపొట్టుతో ఇంటికి పోతాను.
ఎన్నోదో మరిచిపోయాను గాని,
ఒకదాంట్లో పులుసు నిలిచింది.
కుడికి కాస్త వంగుతుంది.
మా ఆవిడ దాన్ని వంచే పప్పు తిప్పుతోంది,
ఏమీ అనకుండా.

షెడ్యూలు:
నర్ది చెక్క గరిటె ఒకటి, ఎనిమిదంగుళాలు.
హద్దులు:
తూర్పు, కోసుకున్న బొటనవేలు.
దక్షిణం, జిలానీబీ పొయ్యి.
పడమర, సొరుగులో పోయిన మూడేళ్లు.
ఉత్తరం, ఖాళీ జాగా.
ఈ మధ్య గలది
ఎవరి బలవంతమూ లేకుండా
నా చేత్తో చేసినది.

కొట్టివేతలు ఉన్నాయి.
లెక్కపెట్టలేదు.