కత్తుల లెక్క

బంగారుపాళెం రోడ్డు మీద గుజ్జు ఫ్యాక్టరీ.
తోతాపురి సీజనంతా
పొద్దున్నే గేటు కాడ నేనడిగే మాట ఒకటే:
"కత్తులెన్ని వచ్చినాయి?"

నలభై మూడు.
రెండు మొండివి, కూర్చుంటే లేవలేవు.
ఒకటి నెల తప్పింది, మార్చాల.

ఆ మాట నాకెవరూ నేర్పలే.
నేనే కనుక్కున్నా.
సాయంత్రం కూలిలో నలభై రూపాయలు కోసేటప్పుడు
ఎదురుగా మనిషుంటే చెయ్యాడదు.
కత్తయితే
రాత్రి కలలోకి రాదు.

నిన్న పదిహేడో కత్తి తలెత్తింది.
సొనకు కాలిన వేళ్లు,
మోచేతుల దాకా పసుపు గుజ్జు.
"సార్, పాపకు జరం తగ్గిందా?
వారంగా మీరు టీ కూడా తాగలే, చూస్తానే ఉండా."

ఏం చెప్పాలో తెలీక
బెల్టు ఆగిందని అరిచినా.
బెల్టు ఆగలే.

రాత్రి రిజిస్టరు తిప్పినా.
పదిహేడు: దొరసానమ్మ, తుంబకుప్పం. పక్కన వేలిముద్ర.
ఒకసారి గొంతులోనే అనుకుని చూసినా.
లోపల గదిలో పాప దగ్గింది.

పొద్దున గేటు కాడ
పేరు నాలిక చివరిదాకా వచ్చింది.
"కత్తులెన్ని?" అన్నా.

"నలభై రెండు సార్," దొరసానమ్మే చెప్పింది.
"అలివేలు రాలే."

అది ఏ కత్తో
నాకు తెలీలే.