గడులు నింపే పని

బొటనవేలంత అద్దం.
హన్మకొండ చౌరస్తాల రెండు వందల ఎనభైకి కొన్న.
నాలుగు పిన్నులు విడిగా ఇచ్చిండు,
టంకం నేనే పెట్టుకోవాలె.

కొత్తవాడల అద్దకం షెడ్డు. బానల మీద ఆవిరి.
ఓదెలు మామ చూపుడువేలు రంగునీళ్లల్ల ముంచి
"ఇంక కాలే" అంటడు,
లేకుంటే ఏమీ అనకుండ నూలు చిలపలు దించుతడు.
కొత్తగ చేరిన తిరుమలేశ్‌కు ఆ వేలు లేదు.
ఉన్న వేలు రెండుసార్లు బొబ్బలెక్కింది.
అందుకే సంఘపోళ్లు నన్ను పిలిచిండ్రు,
చేతిల పట్టేంత కంప్యూటరుకు ఒక తెర బిగించి
ఉడుకు ఎంతుందో చూపియ్యమని.

నల్ల తీగ నేలకు, ఎర్ర తీగ మూడు వోల్టులకు.
మిగిలినయి రెండు:
ఒకదాని మీద మాట నడుస్తది, ఇంకోదాని మీద దెబ్బ.
దెబ్బ పడ్డప్పుడే మాట ఒక అడుగు జరగాలె.
మగ్గం గుంతల కూసున్నోళ్లకు ఇది చెప్పే పనే లేదు.
నేను మాత్రం రెండింటినీ తారుమారు పెట్టి
రెండు పొద్దులు పోగొట్టుకున్న.
ఆ చివర ఎవలన్న ఉన్నరా అని బోర్డును అడిగితే
గీతలు, గీతలు, వరుసకు పదహారు గీతలు.
తీగలు మార్చినంక
గీతల నడుమ ఒక్క కాడ మూడు-సి.
ఇంటి నంబరు దొరికింది.

మొదలు వెలిగింది ఇసుక.
తర్వాత అంకెలు, తలకిందులుగ.
తర్వాత సక్కగనే: ఎనభై, దాని పక్కన హాట్ అని ఇంగిలీసుల.
మామ కండ్లద్దాలు నుదుటి మీదికి జరిపిండు.
"నా వేలు చెప్పే మాట
ఇంగిలీసుల ఎందుకు బిడ్డా?"

'చాలు' అని తెలుగుల రాసి పంపిన.
రెండక్షరాల మాటకు
నాలుగు ఖాళీ డబ్బాలు వచ్చినయి.
ఆ తెరకు ఇచ్చిన అక్షరాల మూటల మనయి లేవు.

మామ లోపలికి పోయి
జంపఖానా డిజైన్లు గీసే గళ్ల కాయితం తెచ్చిండు.
అడ్డం ఎన్ని? నూట ఇరవై ఎనిమిది.
నిలువు? అరవై నాలుగు.
"చిన్న ముక్కనే" అని ఎర్ర పెన్సిల్ చెక్కుకున్నడు.
ఒక్కొక్క గడి నింపుకుంట చెప్పిండు:
వంపు వంపుగ రాదు, మెట్లుగ వస్తది,
జరంత దూరం నిలబడి చూస్తే మెట్లే వంపు.
లకారం కొమ్ముకు నాలుగు గడులు ఇడువు,
ఇరుకైతే కొమ్ము పోయి గోడకు తాకుతది.

నిండిన గడి ఒకటి, ఖాళీ గడి సున్నా.
ఎనిమిదేసి గడులు నిలువుగ కట్టలు కట్టిన.
ఒక రాత్రంత కిందినుంచి పైకి లెక్కపెట్టి
అక్షరాలను ముక్కలు ముక్కలు చేసిన.
తెల్లారి పైనుంచి కిందికి.
'చాలు' వచ్చింది,
మామ చేతిరాతల, కొంచెం ఎడమకు ఒరిగి.

బానల ఉడుకు ఎనభై దాటంగనే మాట వెలిగింది.
తిరుమలేశ్ చిలప మీద చెయ్యి వేసిండు.
మామ వేలు ముంచిండు.
"కాలే."
ఎనభై ఒకటి. తెర చాలంటనే ఉన్నది.
ఎనభై రెండు. ఎవలం మాట్లాడలే.
ఎనభై మూడుకు వేలు తీసి
"గిప్పుడు దించు" అన్నడు.

ప్రోగ్రాములో ఆ వరుస తెరిచి
ఎనభైని ఎనభై మూడు చేసిన.
పక్కన, కంప్యూటరు చదవకుండ దాటిపోయే చోట,
'ఓదెలు వేలు' అని రాసిపెట్టిన.

ఇప్పుడు తిరుమలేశ్ తెరను చూస్తడు.
మామ తిరుమలేశ్‌ను చూస్తడు.
ఆవిరి పట్టినప్పుడు వేలితోని తుడుస్తడు గనుక
అద్దం మీద నీలిరంగు ముద్ర ఒకటి పడ్డది.
దాని వెనక నుంచే వెలుగుతది మాట.
దెబ్బ తీగ ఇంక జర లూజుగనే ఉన్నది,
బాన కదిలితే కొమ్ము వణుకుతది.
ఆదివారం పోయి మళ్ల టంకం పెట్టాలె.