ఆకాశం అప్పిచ్చిన నీలం

రాత్రి లోద్వార్‌లో వాన పడింది.
పద్నాలుగు నెలల తర్వాత కదా,
ఎవరూ పడుకోలేదు.
రేకుల మీద దరువు వినపడగానే పిల్లలు బయటికి ఉరికారు.
గిన్నెలు, డబ్బాలు, పాత టైర్లు,
బోలుగా ఉన్నదల్లా వాకిట్లో నోరు తెరిచింది.
మా అమ్మ నన్ను కన్నదీ ఇలాంటి రాత్రేనట.
అందుకే నేను నకీరుని. వాన పిల్లని.

తెల్లారేసరికి రన్‌వే పక్కన
మా సెస్నా ఒక్కతే నిలబడి ఉంది,
రెక్కల అంచుల నుంచి ఇంకా చుక్కలు కారుస్తూ,
తలంటి పోయించుకుని అలిగిన పిల్లలా.

పశువుల డాక్టరు ఎకిడోర్ అప్పటికే వచ్చి
మందుల పెట్టె మీద కూర్చున్నాడు.
సరస్సు అవతల మేకలు రాలిపోతున్నాయి.
పెట్టెలో ఐసు కరుగుతోంది,
పైన కూర్చున్న మనిషిలో ఓపిక కూడా.
"ఇంకా ఎంతసేపు?"
"చుట్టూ ఓసారి తిరిగొస్తా."
"నిన్ననే తిరిగావుగా!"

నిన్నటి విమానం రాత్రంతా వానలో తడిసి
ఇవాళ్టి విమానం అయింది.
అనలేదు. తిరగడం మొదలుపెట్టాను.

తలుపు బందులు. చక్రం మీద పగులు.
తోక దగ్గర ఒక్కో బోల్టునీ పలకరించి,
ఈ రెక్క చివరి పలకని పైకెత్తితే
ఆ రెక్కది కిందికి దిగిందా అని తొంగిచూసి,
గాలిని కొలిచే సన్నని గొట్టంలో
కందిరీగ మట్టిగూడేమైనా కట్టిందేమోనని ఊది కాదు, ఊదకూడదు,
వంగి చూసి,
ప్రొపెల్లర్ అంచు మీద వేలు నడిపించి.
"కళ్ళు అలవాటు పడతాయి, వేళ్ళు పడవు"
అంటాడు మెకానిక్ లోమురియా.

ఆఖరున కుడి రెక్క కింద గాజు గొట్టం గుచ్చి
పెట్రోలు పట్టాను.
విమానం పెట్రోలు లేత నీలం.
నీళ్ళు కలిస్తే అడుగున ముత్యంలా కూర్చుంటాయి,
మధ్యలో ఒక గీత కనబడుతుంది.
ఆకాశానికేసి ఎత్తి చూశాను.
నీలం. తేటగా. గీత లేదు.
ఎకిడోర్ లేచి పెట్టె చేత్తో పట్టుకున్నాడు.

సైకిలు దిగుతూ లోమురియా అడిగాడు,
"వాసన చూశావా?"
ఎప్పుడో ఒకసారి అడగలేకపోయాడట.
ఎవరినో చెప్పడు.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
రాత్రి మా వాకిట్లో వచ్చిన వాసన.
అతను నా చెయ్యి పట్టి, గొట్టాన్ని
తెల్లటి రెక్క కిందికి జరిపాడు.
నీలం వెళ్ళిపోయింది.

ఆ రంగు ఆకాశానిది.
గొట్టం నిండా వానే.
గీత కనబడనిది నీళ్ళు లేక కాదు,
పెట్రోలు లేక.

కొంచెం తప్పయితే కనబడేది.
అంతా తప్పే కాబట్టి
అంతా సరిగ్గా ఉన్నట్టుంది.

మూత విప్పితే లోపలి రబ్బరు
ఎండాకాలపు మడమలా చీలి ఉంది.
రెక్క పట్టుకుని ఊపాం, ఆగాం, పట్టాం, పారబోశాం.
మళ్ళీ ఊపాం.
పదకొండో గొట్టంలో ముత్యం కనబడింది,
పదిహేనో దాంట్లో ముత్యమూ లేదు.
గుంటలోంచి లోటాతో డబ్బా నింపుకుంటున్న ముసలమ్మ
నీళ్ళు పారబోస్తున్న నా వంక చూసి
ఎవరి పిల్లవే నువ్వు, అంది.
ఏం చెప్పను? వాన పిల్లని.

కొత్త రబ్బరు బిగించి, రెండు గంటలు ఆలస్యంగా లేచాం.
ఎకిడోర్ కొత్త ఐసు కొన్నాడు, డబ్బులు నన్నడగలేదు.
చాలాసేపటికి హెడ్‌సెట్‌లో అతని గొంతు:
"ఎంత ఎత్తులో ఆగేది?"
"చెట్ల మీద. బహుశా."
ఆ తర్వాత మేకల గురించి మాట్లాడుకున్నాం.

కింద ఎడారి నిండా కొత్త మడుగులు.
ఒక్కోదానిలో ఒక్కో ముక్క నీలం,
ఏదీ దాని సొంతం కాదు.
చూస్తూ చూస్తూ
చేతివేళ్ళు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.

పెట్రోలే.