టింబర్‌మన్ లెక్క

నన్ను పిలిచింది బంతి ఆటకు.
నేను బంతి ముట్టలే ఎన్నడు.
ముప్పై ఒక్క ఏండ్లు బల్లార్షా బాయిల
కప్పు కింద కట్టెలు నిలవెట్టిన, అంతే.

"ఓదెలన్నా, అయిదుగురిని తయారు చెయ్యి" అన్నడు మేనేజర్ గేడాం.
"అమెరికా ఫుట్‌బాల్. జీతాల టీము.
మా తన్మయ్ బంతి విసిరేదాక
నాలుగు సెకండ్లు నిలవాలె గోడ."

నాలుగు సెకండ్లా! నవ్విన.
నవ్వినందుకు తర్వాత సిగ్గుపడ్డ.

గోడ అనకు బాబూ.
గోడకు వినపడదు.
బాయిల కప్పు దిగేముందు
సాల్ దుంగ సన్నగ మూలుగుతది,
ఎలుకలు ముందు ఉరుకుతయి, ఎనుక మనం.
ఇనుప ప్రాపు చెప్పకుంటనే వంగుతది.
నాకు మూలిగే మనుషులు కావాలె.

జిమ్ము పోరగాండ్లను తెచ్చిండు పదిమందిని.
వాడు భుజాలు చూసి మురిసిండు,
నేను పాదాలు చూసి ఇద్దరిని ఉంచుకున్న.
పేపర్ మిల్లు వెదురు యార్డుల దొరికిండు మడావి జంగు.
లారీ మీంచి జారే మోపును మోకాలితో ఆపి
తీరుబడిగ బీడీ ముట్టించుకుంటుండె.
స్టేషన్ల పార్సిల్ మోసే కొంకటి రాజేశం
ఎడమ దిక్కు నేనే నిలబడత అన్నడు,
తన్మయ్‌కి కనపడని దిక్కు అదేనని ఎవరు చెప్పిన్రో.
నడుమ నిలిచేటోడు నెల దాక దొరకలే.
బంతి మొదలు ముట్టేది వాడే,
కాళ్ల నడుమ నుంచి ఎనుకకు ఇచ్చి
అదే ఊపిరిల ఛాతీ మీద దెబ్బ కాయాలె.
ఆఖరికి సుదాం వచ్చిండు, వడాపావ్ బండి సుదాం,
ఒక చేత్తో చిల్లర ఇచ్చుకుంట
ఇంకో చేత్తో కాగే నూనెను చూసుకునేటోడు.

పట్టుకోవద్దు అని నేర్పిన. అదే కష్టం.
మీదికొచ్చేటోడు నిన్ను చీల్చుకొని పోతుంటడు,
నీ అరచేతులు తెరిచే ఉండాలె.
వేళ్లు మూసినవా, పసుపు రుమాలు పడతది,
పది గజాలు పోతయి.
జంగు అడిగిండు, "పట్టుకోకుంట ఎట్ల ఆపుత దాదా?"
కప్పును ఎవడన్న పట్టుకున్నడారా?

రాజేశం బలం చూసి భయమయింది నాకు.
ఒక్క దుంగ పొడుగుంటే బరువంత దాని మీదికే వస్తది,
అది విరిగితే పొట్టివి ఎట్లాగూ నిలవయి.
వాన్ని అర అడుగు ఎనుకకు జరిపిన.
మూడు రోజులు మాట్లాడలే నాతోని.

కూత కూడ కుదరలే.
జంగు గోండిల అరుస్తడు, సుదాం మరాఠిల,
జిమ్ము పోరలు ఇంగ్లీషుల, రాజేశం అసలే అరవడు.
మందు పేల్చేముందు మా సర్దార్ కేకేసే మాట ఇచ్చిన.
ఖబర్దార్.
అందరి నోట్ల పట్టింది.

నాగపూర్ టీము వచ్చిన రాత్రి
లైట్ల చుట్టు పురుగులు, ఇంక సల్లబడని నేల.
మూడో పాదంల, నేనింక ఏం చూడకముందే
ఎడమ దిక్కు నుంచి "ఖబర్దార్".
అరిచింది రాజేశం!
అయిదుగురు అర అడుగు జరిగిన్రు, ఒక్క చప్పుడుతోని.
సందు అనుకొని ఉరికొచ్చినోనికి సుదాం భుజం తగిలింది.
తన్మయ్ విసిరిండు.
ఊరంత మెడ లేపి బంతి ఎనుక పోయింది.
నేను పది పాదాలే చూసిన.
అది ఎవరి చేతుల పడ్డదో
నాకు ఇప్పటికీ తెల్వది.

గేడాం రిజిస్టర్ల గజాలు రాసిండు, పాయింట్లు రాసిండు.
"ఈ అయిదుగురికి ఏం రాయాలె ఓదెలన్నా? కాలమ్ లేదు."
బాయిల గూడ లేకుండె.
టన్నులు రాసేటోళ్లు.

తెల్లారి అంగీలు ఉతకడానికి సక్కుబాయి వచ్చింది.
ఏడో నంబరు, తన్మయ్‌ది, తిప్పి తిప్పి చూసి
వాసన చూసి
ఉతకకుంటనే మడత పెట్టింది.
మట్టి పట్టిన అయిదింటిని పక్కకు పెట్టి
వీటికి రెండేసి రూపాయలు ఎక్కువైతయి అన్నది.
ఇచ్చిన.
రశీదు గూడ రాయించుకున్న.