మూడు బీడీల దూరం

ఇరవై రెండేండ్లు నిలబడే తిరిగిన.
నల్లగొండ నుంచి దేవరకొండ, మళ్ల ఎనుకకు,
పైన కడ్డీ ఒక చేత, భుజాన తోలుసంచి.
ఎన్ని లక్షల కిలోమీటర్లో డిపోల రిజిస్టరుకు ఎరుక.
అండ్ల ఒక్క కిలోమీటరన్నా
నా కాళ్లది కాదు.

షుగరని తేలితే డాక్టర్ నడువుమన్నడు, గంతే.
ఉరుకుడు ఎందుకు మొదలువెట్టిన్నో
నాకే సక్కగ తెల్వది.
బస్టాండు గోడ మీద పోస్టర్ చూసిన గావచ్చు:
జనవరి ఆఖరు ఆదివారం, సరదా పరుగు,
ఇరవై ఒక్క కిలోమీటర్లు.
నా కంటికి అది దూరం లెక్క కనవడలే,
ఆర్డినరీ బస్సుల టికెట్టు లెక్క కనవడ్డది.

పొద్దుగాల నాలుగున్నర.
ఉదయసముద్రం నీళ్లకు ఇంక రంగు రాలే.
మొదటి దినం కరెంటు స్తంభాలు లెక్కవెట్టుకుంట ఉరికిన,
ఆరో స్తంభం కాడ దమ్ము ఒడిసింది.
మోకాళ్ల మీద చేతులేసి వంగితే
కట్ట కింద చాయ్ బండి కాడికెల్లి గురువయ్య:
"ఏం కండక్టరూ, బండి ఫెయిలా?"

గురువయ్య కాళ్లు రెండు బయటికి వంగిన విల్లులు.
బోరునీళ్లు తాగి పెరిగిన బొక్కలు.
నిలవడితే నడుమలకెల్లి మేకపిల్ల దూరిపోతదని
ఆయనే అంటడు, ఆయనే నవ్వుతడు.
చేతికి గడియారం లేదు.
నేను కట్ట ఆ కొసకు పోయి వచ్చేదాక
ఎన్ని బీడీలు కాలితే అంత టైం.
"మూడున్నర" అన్నడు మొదటి వారం.
"మూడు. ఒకటి సగంల ఆరింది, దాన్ని పట్టకు" అన్నడు
దీపావళి పోయినంక.

ఎనుకకెల్లి చెప్పుల్లేని అడుగుల సప్పుడు.
హాస్టల్ పిల్ల, కేతావత్ శిరీష.
మా బండ్లనే వస్తది, ఎన్ని జీరో టికెట్లు కొట్టిచ్చిన్నో.
పోలీసు నౌకరికి ఎనిమిది వందల మీటర్లు;
పోయినసారి నాలుగు సెకన్లల్ల పోయింది.
పక్కకొచ్చి, దమ్ము కూడ పట్టకుంట అన్నది:
"సారూ, ఎడమ భుజం దించు.
సంచి లేదు గద ఇప్పుడు."

దించిన.
ఇరవై రెండేండ్ల సంగతి, ఒక్కపాలి దిగలే.
ఆమె అప్పటికే చీకట్ల చిన్న చుక్క.
సరదా అన్న మాట చదివినప్పుడల్ల
గా నాలుగు సెకన్లు యాదికొచ్చి
జర సిగ్గైతది.

ఒక ఆదివారం దేవరకొండ రోడ్డు పట్టిన.
బత్తాయి తోటలు దాటుతున్న, కనగల్ ఇంక రాలే,
కుడి మోకాలు లోపల ఎవరో చిల్లర ఎంచుతున్నట్టు
టక్కు టక్కు.
ఎనుకకెల్లి హారన్. జహంగీర్ బండి.
నిదానం జేసి పక్కపొంటి నడిపిచ్చిండు:
"ఎక్కు భాయ్, ఎవరు చూస్తరు?"
బస్సు మొత్తం చూస్తున్నది.
కిటికీల ముసలమ్మ ఒకామె,
"పాపం, బస్సు తప్పిపోయినట్టుంది" అన్నది.
నా కాలు ఫుట్‌బోర్డు దిక్కు లేసింది గూడ,
అబద్ధం ఎందుకు.
అరచేత్తోని రేకు మీద రెండు దెబ్బలు కొట్టిన.
రైట్.
పొగ, దుమ్ము, పోయిన బస్సు.
రోడ్డు మీద నేనొక్కణ్ణి, నాకు నేనే ప్యాసింజర్.

నిన్న గురువయ్య అడిగిండు:
"గెలిస్తే ఏమిస్తరు?"
"నేనెక్కడ గెలుస్త? ఆఖరుదాక పోతే
ఒక బిళ్ల, బనీను, రెండు అరటిపండ్లు."
"గింతదానికి గింతనా!"
బీడీ ముట్టియ్యలే. చానసేపు
కట్ట ఆ కొస దిక్కే చూసిండు,
ఆయన ఎన్నడూ నడవని కొస.
"మొత్తానికి ఎన్ని బీడీలైతయంటవు?"
ఏళ్ల మీద లెక్కవెట్టిన. ఇరవై, ఇరవై రెండు.
"మోకాలు మొండికేస్తే ఇంక ఎక్కువ."
"సరే" అన్నడు, అగ్గిపెట్టె జేబుల ఏసుకుంట,
"రెండు కట్టలు తెచ్చుకుంట.
నువ్వు నిమ్మళంగ రా."