బొంతల సూది

కోడూరు ఎండకి
వనిల్లా యాడ బతుకుతాదిలే అని
నవ్వినోళ్లలో నేనూ ఉండా.

దస్తగిరమ్మ మారు మాట్లాడలేదు.
గ్లిరిసీడియా మానుకు తీగను ఆనించి
పాత చీర పేలికతో వదులుగా కట్టింది.
మొదట్లో కొబ్బరిపీచు, కుళ్లిన ఆకు.
నీళ్లు చిలకరింపే, నిలిస్తే వేరు చస్తాది.
తీగ తలదాటి పోతాంటే కిందికి వంచింది:
"పైపైకి పోయేదానికి
పూసే తీరిక యాడుంటాది?"

మూడేండ్లు ఆకులే.
నవ్వీ నవ్వీ మాకే విసుగొచ్చింది.

నాలుగో ఏడు, మాఘంలో ఒక తెల్లారి
లేతపచ్చ పువ్వు.
మధ్యాన్నం దాకానే దాని ఆయుస్సు.
దాని తేనెటీగ ఏ సముద్రానికవతల ఉందో.
జాకెట్టుకు గుచ్చుకున్న బొంతల సూది తీసి
పువ్వు లోపలి సన్నపొర పైకెత్తి
పుప్పొడిని బొటనవేలితో అదిమింది,
ముడి కనపడకుండా దూదిలోకి తోసినట్టు.

తొమ్మిది నెలలకు కాయలు.
వాసనే లేదు, పచ్చి చిక్కుడు మాదిరి.
వేణ్ణీళ్లలో ముంచింది.
పగలు ఎండకు పరిచి, పొద్దుగూకితే
తను కుట్టిన బొంతలోనే చుట్టి పెట్టింది.
చెమటలు పట్టి, నల్లబడి,
అప్పుడు గానీ నోరు విప్పలేదవి.

కాయలు బెంగళూరు పోయినాయి.
బొంత నేను కొన్నా.
ఉతకొద్దు అన్నింది.
ఉతకలేదు.